పాత ఆధారం దొరికింది సరే, సాఫ్ట్‌వేర్ పేటెంట్‌ను ఎక్కడ సవాలు చేయాలి?

పేటెంట్ దరఖాస్తు కన్నా ముందే ఆ ఆలోచన ఉందని చూపించేదే పాత ఆధారం. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియాలంటే, అమెరికాలో ఏళ్ల తరబడి నలిగిన రెండు సాఫ్ట్‌వేర్ పేటెంట్లను పక్కపక్కన పెట్టి చూద్దాం.

మొదటిది ఇయోలాస్ కంపెనీది. వెబ్‌పేజీ లోపలే ఒక ప్రోగ్రామ్ నడిచేలా చేయడం తమ ఆలోచనేనని 1994 అక్టోబరులో దరఖాస్తు పెట్టారు. 2003లో షికాగో జ్యూరీ ఆ పేటెంట్ ఆధారంగా మైక్రోసాఫ్ట్ మీద 52 కోట్ల డాలర్లు వేసింది. అలాంటి పనినే పెయ్ వెయ్ అనే ప్రోగ్రామర్ తన వయోలా బ్రౌజర్‌లో 1993 మేలోనే సన్ మైక్రోసిస్టమ్స్ ఇంజనీర్లకు చూపించాడు. పేటెంట్ ఆఫీసు రెండుసార్లు తిరిగి పరిశీలించి, రెండుసార్లూ పేటెంట్ చెల్లుతుందనే తేల్చింది. చివరికి 2012 ఫిబ్రవరిలో టెక్సస్‌లోని టైలర్ పట్టణంలో పెయ్ వెయ్, వెబ్ సృష్టికర్త టిమ్ బెర్నర్స్-లీ బోనెక్కి సాక్ష్యం చెప్పాక, జ్యూరీ అది చెల్లదంది.

రెండోది పర్సనల్ ఆడియో కంపెనీది. 1996 నాటి దరఖాస్తును పట్టుకుని, పాడ్‌కాస్టింగ్ తమదేనంటూ పాడ్‌కాస్టర్ల మీద పడింది. 2014 సెప్టెంబరులో టెక్సస్ జ్యూరీ సీబీఎస్ మీద 13 లక్షల డాలర్లు వేసింది. ఏడాది తిరక్కుండానే, 2015 ఏప్రిల్లో, పేటెంట్ ఆఫీసు బోర్డు అవే పాడ్‌కాస్టింగ్ క్లెయిములను, అంటే 'ఇది మాది' అని పేటెంట్‌లో హక్కు కోరిన అంశాలను, కొట్టేసింది. ఆ పిటిషన్ వేసింది ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ అనే లాభాపేక్ష లేని సంస్థ, అదీ జనం దగ్గర చందాలు పోగేసి.

ఒకటి ఆఫీసులో నిలిచి కోర్టులో పోయింది. ఇంకొకటి కోర్టులో గెలిచి ఆఫీసులో పోయింది. రెండింటిలోనూ పాత ఆధారం ఉంది, తేడా ఆ ఆధారం ఏ రూపంలో ఉందన్నది. పాడ్‌కాస్టింగ్ కేసులో సీఎన్ఎన్ ఇంటర్నెట్ న్యూస్‌రూమ్ గురించి 1995లో ఎంఐటీలో రాసిన ఒక థీసిస్, కెనడా సీబీసీ రేడియో ఇంటర్నెట్ ప్రసారాల మీద వచ్చిన ఒక పేపరు చేతిలో ఉన్నాయి. అంటే తేదీ ఉన్న కాగితం. వయోలా సంగతి వేరు. కోడ్ ఉంది, నడిచింది, చూసినవాళ్లున్నారు. కాగితాలు తిరగేసిన పరిశీలకుడికి ఆననిది, రాసినవాడే వచ్చి చెబితే జ్యూరీకి ఆనింది.

అందుకే నా దగ్గరకు ఎవరైనా 'ఈ పేటెంట్ పాత ఐడియానే, ఎలా కొట్టించాలి' అని వస్తే, 'మీ దగ్గరున్నది కాగితమా, నడిచిన వస్తువా' అన్నదే నా మొదటి ప్రశ్న.

ఎంచుకునే ముందు తేల్చుకోవాల్సినవి

అన్నిటికన్నా ముందు క్లెయిము చదవాలి. పేటెంట్ పేరు, సారాంశం చూసి 'ఇది మేం 2005లోనే చేశాం' అనేయడం శుభలేఖ కవరు చూసి భోజనం రుచి చెప్పడం లాంటిది. చట్టం ముందు నిలిచేది చివర్లో నంబర్లు వేసి రాసిన క్లెయిములే. ఒక క్లెయిమును ముక్కలుగా విడదీసి పట్టిక వేసుకోండి. ప్రతి ముక్కా ఒకే పాత పత్రంలో కనిపిస్తే కొత్తదనం లేదని వాదించవచ్చు. రెండు మూడు పత్రాల్లో చెదిరి ఉంటే, వాటిని కలపాలన్న ఆలోచన ఆ రంగంలో మామూలు నైపుణ్యం ఉన్నవాడికి సహజంగానే తట్టేదని చూపించాలి. ఈ రెండో వాదన బరువైనది. సాఫ్ట్‌వేర్‌లో ఎక్కువసార్లు మిగిలేది అదే.

తర్వాత తేదీ. పేటెంట్ మంజూరైన తేదీ ఎందుకూ పనికిరాదు, అది చెప్పుకునే అతి పాత దరఖాస్తు తేదీ చూడాలి. పర్సనల్ ఆడియో పేటెంట్ మంజూరైంది 2012లో, వెనక్కి వెళ్లింది మాత్రం 1996కి. 2004 నాటి పాడ్‌కాస్టు చూపించి ఏం లాభం?

మూడోది ఆధారం రూపం, అది చెప్పాను. ఇక మీ పరిస్థితి. దరఖాస్తు ఇంకా పెండింగులోనే ఉందా, పేటెంట్ వచ్చేసిందా, మీ మీద దావా పడిందా? పడితే ఎన్ని నెలలైంది? పేరు బయటపడకుండా పని కావాలా? ఓడితే అదే వాదన మళ్లీ ఎత్తే హక్కు ఉంటుందా? డబ్బు సంగతి చివర రాస్తున్నాను గానీ, చాలామందికి అసలు నిర్ణయం అక్కడే జరిగిపోతుంది.

| మార్గం | ఎవరు, ఎప్పుడు | చెల్లే ఆధారం | ఖర్చు | ఓడితే |
|---|---|---|---|---|
| అమెరికా: మంజూరుకు ముందు పత్రాల సమర్పణ | ఎవరైనా, దరఖాస్తు ప్రచురితమయ్యాక కొద్ది కాలం | ప్రచురిత పత్రాలు మాత్రమే | దాదాపు ఏమీ లేదు | ఆ పత్రం పదును తగ్గుతుంది |
| అమెరికా: ఎక్స్ పార్టే రీఎగ్జామినేషన్ (ఆఫీసు చేత మళ్లీ పరిశీలన) | ఎవరైనా, పేటెంట్ అమల్లో ఉన్నంత కాలం | పేటెంట్లు, ప్రచురిత పత్రాలు | వేల డాలర్లు | కోర్టులో వాదించడానికి అడ్డు లేదు, కానీ పేటెంట్ బలపడవచ్చు |
| అమెరికా: ఇంటర్ పార్టెస్ రివ్యూ (ఆఫీసు బోర్డు ముందు ఇరుపక్షాల వాదన) | పేటెంట్ యజమాని కాని ఎవరైనా, దావా అందిన ఏడాదిలోపు | పేటెంట్లు, ప్రచురిత పత్రాలు | లక్షల డాలర్లు | ఎత్తిన, ఎత్తగలిగిన వాదనలకు తలుపు మూత |
| అమెరికా: జిల్లా కోర్టు | దావా పడినవారు | పత్రాలు, వాడిన ప్రోగ్రామ్, అమ్మిన సరుకు, సాక్షులు | అన్నిటికన్నా ఎక్కువ | నష్టపరిహారం |
| భారత్: మంజూరుకు ముందు అభ్యంతరం | ఎవరైనా, ప్రచురణ తర్వాత, మంజూరుకు ముందు | ఎక్కడి ప్రచురణైనా, భారత్‌లో వాడకం | తక్కువ | తర్వాతి మార్గాలు మిగిలే ఉంటాయి |
| భారత్: మంజూరు తర్వాత అభ్యంతరం | సంబంధం ఉన్నవారు, మంజూరు ప్రచురితమైన ఏడాదిలోపు | పైదే | మధ్యస్థం | రద్దు పిటిషన్ దారి మూత |
| భారత్: రద్దు పిటిషన్ లేదా ఎదురు దావా | సంబంధం ఉన్నవారు, హైకోర్టులో | పైదే | ఎక్కువ | అప్పీలు |

ఈ పట్టిక చూసి నిర్ణయం తీసుకోకండి. ఒక్కో గడి వెనక మెలికలున్నాయి.

పుట్టకముందే ఆపడం

అమెరికాలో దరఖాస్తు పెట్టిన 18 నెలలకు మామూలుగా ప్రచురిస్తారు. ఆ తర్వాత ఎవరైనా పాత పత్రాలు పంపి, ఏది ఏ క్లెయిముకు ఎలా తగులుతుందో క్లుప్తంగా రాయవచ్చు. మొదటిసారి పంపేవారికి 3 పత్రాల వరకు ఫీజు లేదు. గడువు కొంచెం చిక్కుగా ఉంటుంది. ప్రచురణ తర్వాత 6 నెలలు, లేదా పరిశీలకుడు ఒక క్లెయిమునైనా మొదటిసారి తిరస్కరించిన రోజు, ఈ రెండింటిలో ఏది ఆలస్యమైతే అంతవరకు సమయం ఉంటుంది. ఈలోపే మంజూరు నోటీసు వస్తే ఆ రోజుతోనే సరి.

పంపాక మీ పాత్ర అయిపోయినట్టే. వాదించడానికి పిలవరు. పరిశీలకుడు మీ పత్రాన్ని చూసి, అయినా సరేనని మంజూరు చేశాడనుకోండి, రేపు అదే పత్రంతో బోర్డు ముందుకు వెళితే 'ఇది ఇంతకుముందే చూశాం' అనే మాట ఎదురవుతుంది. కాబట్టి క్లెయిము మొత్తాన్ని ఒక్కటే కప్పేసే పత్రం ఉంటే నిస్సంకోచంగా పంపండి. సగం సగం కప్పే పత్రాలైతే, వాటిని కలిపి వాదించే అవకాశం ఉన్న చోటికి దాచుకోవడం మంచిదని నా అభిప్రాయం. దీనితో విభేదించే న్యాయవాదులు ఉన్నారు.

మన దేశంలో ఇదే దశ ఇంకా బలమైనది. పేటెంట్ చట్టం సెక్షన్ 25(1) కింద ఎవరైనా అభ్యంతరం పెట్టవచ్చు, విచారణ కూడా కోరవచ్చు. ఒకప్పుడు ఫీజు ఉండేది కాదు. 2024 మార్చి సవరణలతో ఫీజు వచ్చింది, విచారణకు తగినదేనా అని పేటెంట్ ఆఫీసు అధికారి అయిన కంట్రోలర్ ముందుగా చూసే నియమమూ వచ్చింది. ఊరికే సతాయించడానికి వేసేవి తగ్గాలని ఇలా చేశారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ చిరునామాలతో వెళ్లే దరఖాస్తులు చెన్నై ఆఫీసు పరిధిలోకి వస్తాయి. సాఫ్ట్‌వేర్‌కు ఇక్కడ పాత ఆధారంతో పాటు ఇంకో ఆయుధమూ ఉంది. సెక్షన్ 3(కె) ప్రకారం వ్యాపార పద్ధతి, అల్గారిథమ్, కేవలం కంప్యూటర్ ప్రోగ్రామ్ అసలు పేటెంటుకే తగవు. రెండూ కలిపి రాయండి. పాత ఆధారం కాస్త బలహీనంగా ఉన్నా 3(కె) నిలబెట్టవచ్చు.

ఎక్స్ పార్టే రీఎగ్జామినేషన్

దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను. చిన్నవాళ్లకు సరిగ్గా సరిపోయేది ఇదే, వాళ్లకే దీని గురించి తక్కువ తెలుసు.

పేటెంట్ అమల్లో ఉన్నంత కాలం ఎవరైనా, ఎప్పుడైనా అడగవచ్చు. దావా ఉండనక్కర్లేదు. న్యాయవాది తన పేరుతో వేయవచ్చు కాబట్టి వెనక ఎవరున్నారో బయటపెట్టక్కర్లేదు. పేటెంట్ చెల్లుబాటు మీద గట్టి కొత్త సందేహం కలిగించాలి, అంతే. ఆఫీసు 3 నెలల్లో అవునో కాదో చెబుతుంది. సందేహం ఉందని ఒప్పుకుంటే అక్కడినుంచి పరిశీలకుడికీ పేటెంట్ యజమానికీ మధ్యే నడుస్తుంది. ఓడినా రేపు కోర్టులో అదే వాదన ఎత్తకుండా ఎవరూ ఆపరు.

ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ సంస్థ గ్నోమ్ ఫౌండేషన్ సంగతి చూడండి. షాట్‌వెల్ అనే ఫొటోల ప్రోగ్రామ్ మీద 2019లో దావా పడింది. 2020లో రాజీ కుదిరింది, పేటెంట్ మాత్రం అలాగే ఉండిపోయింది. ఆ తర్వాత ఓపెన్ సోర్స్ రంగంలోని ఒక న్యాయవాది తనంతట తాను రీఎగ్జామినేషన్ అడిగి, 2022 నాటికి క్లెయిములన్నీ రద్దయ్యేలా చేశారు. కోర్టు లేదు, జ్యూరీ లేదు.

లోపాలు లేవని కాదు. మీరు అడిగాక పరిశీలకుడితో మాట్లాడేది యజమాని ఒక్కడే. అతను క్లెయిమును కొంచెం కుదించి, మీ పత్రం నుంచి తప్పించి, మీ ప్రోడక్ట్ మీద మాత్రం పడేలా తిరగరాయవచ్చు. ఇయోలాస్ లాగా నిలబడి బయటికొస్తే 'ఆఫీసు రెండోసారి చూసినా చెల్లింది' అని జ్యూరీకి చెప్పుకుంటాడు. పైగా నడిచిన ప్రోగ్రామ్‌ను, అమ్మిన సరుకును ఇక్కడ ఆధారంగా పెట్టలేరు. దాని గురించి ఆ రోజుల్లో అచ్చయిన మాన్యువల్‌నైతే పెట్టగలరు.

ఇంటర్ పార్టెస్ రివ్యూ

పేటెంట్ ఆఫీసు బోర్డు ముందు జరిగే ఈ విచారణ 2012 సెప్టెంబరులో మొదలైంది. ఇక్కడ మీరూ చివరిదాకా వాదిస్తారు. సాంకేతికత తెలిసిన న్యాయమూర్తులు ముగ్గురు వింటారు. రుజువు భారం కోర్టుకన్నా తేలిక. 'చెల్లకపోవడానికే ఎక్కువ అవకాశం' అనిపిస్తే చాలు. విచారణకు తీసుకుంటే ఏడాదిలో తీర్పు రావాలి, గట్టి కారణం ఉంటే ఇంకో 6 నెలలు. ఫీజులే 50 వేల డాలర్ల పైన, న్యాయవాదులు, నిపుణుల ఖర్చు దాని మీద.

రెండు గడులు జాగ్రత్తగా చూడాలి. దావా కాగితాలు అందిన రోజు నుంచి ఏడాది దాటితే ఈ దారి మూసుకుపోతుంది. ఓడితే, అక్కడ ఎత్తినవే కాదు ఎత్తడానికి వీలున్న వాదనలు కూడా కోర్టులో ఎత్తలేరు. అయితే 2025 మేలో ఇంజెనికో కేసులో పేటెంట్ అప్పీళ్లు వినే ఫెడరల్ సర్క్యూట్ కోర్టు ఒక వెసులుబాటు ఇచ్చింది. ఆ వస్తువు ముందే వాడుకలో ఉంది, అమ్మారు అనే వాదనలు రివ్యూలో ఎత్తడానికే వీల్లేనివి కాబట్టి, వాటిని కోర్టులో ఎత్తవచ్చంది. కాగితం ఒక చోట, వస్తువు ఇంకో చోట పెట్టాలనుకునేవారికి ఇది పెద్ద ఊరట.

2025లో ఇంకో మార్పు కూడా జరిగింది. ఆధారం బలంగా ఉన్నా పేటెంట్ ఆఫీసు తన విచక్షణాధికారంతో విచారణకు తీసుకోకపోవడం బాగా పెరిగింది. ఇదివరకు 'దావా పడిందా, రివ్యూ వేసేయ్' అనేవారు. ఇప్పుడా మాట అంత తేలిగ్గా అనలేం. పిటిషన్ రాయించే ముందే, తోసిపుచ్చితే ఏం చేస్తారో కూడా న్యాయవాదిని అడగండి.

మంజూరైన 9 నెలల్లోపు వేసే పోస్ట్ గ్రాంట్ రివ్యూ కూడా ఒకటుంది. అందులో వాడకం, అమ్మకం కూడా ఆధారాలుగా చెల్లుతాయి. కాకపోతే అంత తొందరగా ప్రత్యర్థి పేటెంట్‌ను కనిపెట్టి, చదివి, సిద్ధమయ్యే చిన్న కంపెనీ అరుదు.

కోర్టు

ఖరీదు, కాలం, భయం అన్నీ ఇక్కడే. పేటెంట్ చెల్లదని స్పష్టమైన, నమ్మకం కలిగించే సాక్ష్యంతో రుజువు చేయాలని 2011లో మైక్రోసాఫ్ట్, ఐ4ఐ కేసులో అమెరికా సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. అయినా అన్ని రకాల ఆధారాలూ పట్టే చోటు ఇదే. ఆన్‌లైన్ షాపింగ్ కార్టు మాదేనన్న సొవెరైన్ కంపెనీకి అమెజాన్ 4 కోట్ల డాలర్లు కట్టి రాజీపడింది. ఇంకో ఆన్‌లైన్ దుకాణం న్యూఎగ్ కట్టకుండా నిలబడింది. జ్యూరీ దగ్గర ఎదురుదెబ్బ తిన్నా, 1984 నాటి ఆన్‌లైన్ షాపింగ్ సేవ కంప్యూసర్వ్ మాల్‌ను చూపించి 2013 జనవరిలో అప్పీలులో గెలిచింది. అంత దూరం వెళ్లే ఓపిక, డబ్బు న్యూఎగ్‌కు ఉన్నాయి. అందరికీ ఉండవు.

సాక్షి ఒక్కడి నోటిమాట చాలదు. 'మేం 1998లో ఇలా చేశాం' అంటే, ఆనాటి కాగితమో, కోడో, ఇంకొకరి మాటో దాన్ని బలపరచాలి.

మన దేశంలో కోర్టు దారి అంటే సెక్షన్ 64 కింద రద్దు. 2021లో మేధో సంపత్తి అప్పీలు బోర్డు రద్దయ్యాక హైకోర్టులే చూస్తున్నాయి. ఇక్కడ ఒక షరతు చాలామంది ఆలస్యంగా తెలుసుకుంటారు. 2014లో అలోయ్స్ వోబెన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన ప్రకారం, మంజూరు తర్వాత అభ్యంతరం వేసినవారు రద్దు పిటిషన్ గానీ ఎదురు దావా గానీ వేయలేరు. అంటే ఆ ఏడాది గడువులో అభ్యంతరం వేయడం తొందరపాటు కూడా కావచ్చు. దావా పడే ప్రమాదం నిజంగా ఉంటే, హైకోర్టు కోసం ఆగడమే మేలనిపించే కేసులున్నాయి.

ఎవరికి ఏది

అమెరికాలో కస్టమర్లున్న హైదరాబాద్ స్టార్టప్‌కు బెదిరింపు ఉత్తరం వచ్చిందనుకుందాం. ముందు, ఆ పేటెంట్ మీద ఇప్పటికే ఎవరైనా రివ్యూ వేశారేమో పేటెంట్ ఆఫీసు రికార్డుల్లో వెతకండి. ఇలాంటి ఉత్తరాలు ఒక్కరికే రావు. ఎవరో ఇప్పటికే ఖర్చుపెడుతుంటే, మీ దగ్గరున్న పత్రం వాళ్లకు ఇవ్వడం అన్నిటికన్నా చవకైన పని. క్లౌడ్‌ఫ్లేర్ 2017లో ప్రాజెక్ట్ జెంగో పేరుతో పాత ఆధారాలు తెచ్చినవారికి బహుమతులు ప్రకటించింది. యూనిఫైడ్ పేటెంట్స్ అనే సంస్థ కూడా ఇలా బహుమతులిచ్చి ఆధారాలు సేకరిస్తుంది. ఎవరూ లేకపోతే, కాగితం బలంగా ఉంటే రీఎగ్జామినేషన్. దావా పడ్డాక మాత్రం రివ్యూ గురించి మొదటి నెలలోనే మాట్లాడాలి, పదకొండో నెలలో కాదు. ఇంకో మాట: మీ ప్రోడక్ట్ ఆ క్లెయిము పరిధిలోకి రాకపోతే ఈ తలనొప్పే అక్కర్లేదు. ఆ సంగతి ముందే చూసుకోని వాళ్లు ఆశ్చర్యంగా చాలామందే ఉంటారు.

ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు నడిపేవారికి డబ్బు ఉండదు గానీ కాగితం ఉంటుంది. మెయిలింగ్ లిస్టులు, రిలీజ్ నోట్సు, మాన్యువల్ పేజీలు, ప్యాకేజీ రిజిస్ట్రీలో ఎక్కించిన తేదీలు. గిట్ కమిట్ (కోడ్ మార్పు నమోదు) తేదీని ఎవరైనా మార్చగలరు కాబట్టి అదొక్కటే నమ్ముకోవద్దు. 2014లో సఫోక్ కేసులో యూజ్‌నెట్ అనే పాత ఇంటర్నెట్ చర్చా వేదికలోని పోస్టును కూడా ప్రచురణగా ఒప్పుకున్నారు. 2016లో బ్లూ కాలిప్సో కేసులో మాత్రం ఒక విద్యార్థి సొంత వెబ్‌పేజీలో పెట్టిన పేపరును ఒప్పుకోలేదు. వెతికేవాడికి అది దొరికే దారి ఏదీ లేదన్నారు. నెట్‌లో ఉండటం ఒక్కటే చాలదు, ఆ రోజుల్లో ఆసక్తి ఉన్నవాడు కాస్త ప్రయత్నిస్తే దొరికేదని చూపించాలి. పాత వెబ్‌పేజీల కాపీలు దాచే వేబ్యాక్ మెషీన్ పేజీలకు, దాన్ని నడిపే ఇంటర్నెట్ ఆర్కైవ్ అఫిడవిట్ ఇస్తుంది, స్క్రీన్‌షాట్‌తో సరిపెట్టకుండా దాన్ని తీసుకోండి.

ప్రత్యర్థి దరఖాస్తుల మీద కన్నేసి ఉంచగలిగే ప్రోడక్ట్ కంపెనీలకు మంజూరుకు ముందు దశే ఉత్తమం, ముఖ్యంగా భారత్‌లో.

చివరిగా, 1990లలోనో 2000లలోనో ఒక సిస్టమ్ కట్టి, ఇప్పుడు అదే ఆలోచన ఎవరి పేటెంట్‌లోనో చూసి మండిపడే ఇంజనీర్లు. ఆ సిస్టమ్ హైదరాబాద్‌లోనో విశాఖలోనో నడిచి ఉంటే అమెరికా నియమం మారిన ఒక తేదీ గుర్తుంచుకోండి, 2013 మార్చి 16. అంతకుముందు తేదీ ఉన్న అమెరికా పేటెంట్ల మీద, విదేశంలో వాడకం ఆధారంగా చెల్లదు, విదేశంలో అచ్చయిన పత్రం చెల్లుతుంది. ఆ తేదీ తర్వాతి దరఖాస్తుల మీదైతే ప్రపంచంలో ఎక్కడ వాడినా కోర్టులో చెల్లుతుంది. భారత్ పేటెంట్ల మీద లెక్క వేరు. ఇక్కడి వాడకం చెల్లుతుంది, అమెరికా క్లయింటు దగ్గర మాత్రమే నడిచిన ప్రోగ్రామ్ చెల్లదు, దాని మాన్యువల్ బయట ప్రచురితమై ఉంటే చెల్లుతుంది. క్లయింటుతో రహస్య ఒప్పందం ఉంటే, ఎవరికైనా పంపే ముందు ఆ కాగితం న్యాయవాదికి చూపించండి. పాత సీడీలు, హార్డ్ డిస్కులు దొరికితే తెరిచి కాపీలు చేసుకుంటూ కూర్చోకండి, ఫైళ్ల తేదీలు మారిపోతాయి. డిస్కు మొత్తానికి ఉన్నదున్నట్టుగా నకలు (ఇమేజ్) తీయించి, ఆ రోజుల్లో సరుకు అందుకున్న కస్టమర్ ఇన్‌వాయిస్ ఒక్కటైనా వెతకండి.